చేతిసంచితో వచ్చిన చుట్టం

చాలా ఇళ్లలో బీరువా మీద ఒక పాత ల్యాప్‌టాప్ ఉంటుంది. మూత కీలు విరిగిపోయి, కీబోర్డులో నాలుగు మీటలు పలకక, పాత సామాన్లు కొనేవాడు కూడా పెదవి విరిచే స్థితిలో ఉంటుంది. లోపలి ప్రాసెసరుకు మాత్రం ఏ జబ్బూ ఉండదు. 8 గిగాబైట్ల మెమరీ చెక్కుచెదరకుండా ఉంటుంది. పైగా సొంత బ్యాటరీ ఉంది. కరెంటు పోయి వచ్చే ఊళ్లలో అదే విడిగా కొననక్కర్లేని యూపీఎస్. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం తీసేసి ఛార్జరు మీదే నడుపుకోవాలి. తెర ఆపేసి, పెద్ద పనేమీ అప్పగించకుండా ఉంచితే ఇలాంటివి ఎన్నో 10 నుంచి 15 వాట్లతో సరిపెట్టుకుంటాయి. 12 వాట్లనుకుని లెక్కవేస్తే, రాత్రీపగలూ నెలంతా నడిచినా తొమ్మిది యూనిట్లు దాటదు. ఇంటి సర్వరుకు ఇంతకన్నా చవకైన మొదలు దొరకదు.

చిక్కు రెండో నెలలో వస్తుంది. ముందు ఫోన్లలోని ఫోటోలు దాచే సాఫ్ట్‌వేరు ఎక్కిస్తాం. తరువాత ప్రకటనలను అడ్డుకునే డీఎన్‌ఎస్ సర్వరు. ఆ పైన కాలేజీ పిల్లవాడి వెబ్‌సైటు ప్రయోగాలు. అన్నీ ఒకే ఇంట్లో, ఒకే వంటగదిలో. ఒకరోజు పిల్లవాడు తన ప్రయోగం కోసం ఏదో లైబ్రరీని కొత్తదానికి మారుస్తాడు, డీఎన్‌ఎస్ సర్వరు మూగబోతుంది, వెబ్‌సైట్ల పేర్లకు చిరునామాలు చెప్పేవాళ్లు లేక ఇల్లంతా నెట్ ఆగిపోతుంది. పొయ్యి ఒకరిది, పొగ అందరికీ.

దీనికి మందు, ఒక్కో పనికి ఒక్కో కంప్యూటరు ఇవ్వడం. కొనడం కాదు, ఉన్నదానిలోనే పుట్టించడం. దాన్నే వర్చువల్ మెషీన్ అంటారు. ఆశ్రయమిచ్చే అసలు యంత్రం హోస్టు, అందులో దిగే ఉత్తుత్తి యంత్రం గెస్టు. అయితే వచ్చే ప్రతి చుట్టమూ ట్రంకుపెట్టెలు, పరుపుచుట్టలతో దిగితే 8 గిగాబైట్ల ఇంట్లో ముగ్గురికి కూడా చోటు చాలదు. చేతిసంచితో వచ్చేవాళ్లైతే డజను మందికి సరిపోతుంది. ఆ చేతిసంచి ఎలా సాధ్యమైందన్నదే ఇక్కడి కథ.

ఒక యంత్రం, పద్నాలుగు భ్రమలు

ఈ ఆలోచన వయసు సుమారు అరవై ఏళ్లు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జిలో ఐబీఎంకు ఒక పరిశోధన కేంద్రం ఉండేది. గది నిండే కంప్యూటరును చాలామంది ఒకేసారి వాడుకోవడం ఎలాగన్నది అప్పటి పెద్ద ప్రశ్న. అక్కడ రాబర్ట్ క్రీసీ, లెస్ కోమో బృందం ఒక వింత దారి ఎంచుకుంది. యంత్రాన్ని అందరికీ పంచే బదులు, ఎవరికి వాళ్లకు యంత్రం మొత్తం తమదేనన్న భ్రమ కల్పించింది. 1967లో పనిలోకి దిగిన ఆ సీపీ-40 వ్యవస్థ ఒకే కంప్యూటరులో 14 వర్చువల్ మెషీన్లను నడిపేది. ఒక్కోదానికి ఇచ్చిన మెమరీ 256 కిలోబైట్లు.

ఆ భ్రమలో కూర్చునే వాడుకరి కోసం వాళ్లు సీఎంఎస్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ కూడా రాశారు. అది ఒక్క మనిషికి మాత్రమే సేవ చేస్తుంది. పదిమంది మధ్య వంతులు వేయడం, ఒకరి ఫైలు జోలికి మరొకరు రాకుండా కాపలా కాయడం దానికి తెలియవు. ఆ బాధ్యత కింద ఉన్న సీపీ చూసుకుంటుంది కాబట్టి తెలియనక్కర్లేదు. హోస్టు చేసే పనిని గెస్టు మళ్లీ చేయకపోవడమే తేలికదనానికి మూలమని మొదటి రోజుల్లోనే తేలిపోయింది. మధ్యలో లోకం దాన్ని మరిచిపోయి, చాలా దూరం చుట్టి మళ్లీ అక్కడికే వచ్చింది.

అబద్ధాన్ని నిలవనివ్వని ప్రాసెసరు

భ్రమ నిలవాలంటే ఏం కావాలో 1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ ఒక పరిశోధన పత్రంలో తేల్చారు. గెస్టు ఆపరేటింగ్ సిస్టమ్‌ను మామూలు ప్రోగ్రాములా, ఏ అధికారమూ లేకుండా నడపాలి. తాను రాజునే అనుకుని అది అధికారం అవసరమైన ఆదేశం జారీచేసిన క్షణంలో ప్రాసెసరు దాన్ని ఆపి, హోస్టును పిలవాలి. హోస్టు ఆ పనిని గెస్టు హద్దుల్లో మాత్రమే చేసిపెట్టి, ఏమీ జరగనట్టు మళ్లీ నడవనివ్వాలి. మిగతా మామూలు ఆదేశాలన్నీ ఎవరి ప్రమేయమూ లేకుండా నేరుగా ప్రాసెసరు మీదే పరుగెత్తాలి. అప్పుడే వేగం.

మన ఇళ్లలోకి వచ్చిన ఇంటెల్ రకం ప్రాసెసర్లకు ఈ మర్యాద తెలిసేది కాదు. వాటిలో పాప్‌ఎఫ్ అనే ఆదేశం ఉంది. దానితో ఇంటరప్టులను, అంటే బయటి పరికరాల పిలుపులను, ఆపవచ్చు లేదా రానివ్వవచ్చు. అధికారం లేనివాళ్లు దాన్ని వాడితే ప్రాసెసరు అడ్డుకోదు, ఫిర్యాదూ చేయదు. ఆ భాగాన్ని గుట్టుగా వదిలేసి ముందుకు పోతుంది. అర్జీని తిరస్కరించకుండా, ఆమోదించకుండా బల్ల కింద పడేసే గుమాస్తా లాంటిది. ఆపేశాననుకుంటుంది గెస్టు. అలాంటి అర్జీ ఒకటి వచ్చిందని హోస్టుకు కబురే అందదు. 2000లో పెంటియం ప్రాసెసరును పరిశీలించిన పరిశోధకులు ఇలాంటి పేచీకోరు ఆదేశాలు 17 ఉన్నాయని లెక్క తేల్చారు.

1998లో పుట్టిన వీఎంవేర్ సంస్థ దీన్ని తెలివిగా దాటింది. గెస్టు కెర్నెల్, అంటే దాని ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, నడపబోతున్న ఆదేశాలను అప్పటికప్పుడు చదివి, పేచీ పెట్టేవాటి చోట వేరే ఆదేశాలు పెట్టి నడిపించింది. ఇంగ్లండు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నుంచి 2003లో వచ్చిన జెన్ ఇంకో దారి పట్టింది. గెస్టు కెర్నెల్‌నే మార్చి, నువ్వు ఉన్నది అసలు యంత్రంలో కాదని దానికి ముందే చెప్పేసింది. చివరికి ప్రాసెసర్ల తయారీదారులే దిగివచ్చారు. 2005లో ఇంటెల్, 2006లో ఏఎండీ గెస్టుల కోసమే ఒక ప్రత్యేక స్థితిని సిలికాన్‌లో చెక్కాయి. ఆ వసతిని లినక్స్ కెర్నెల్‌కు అందించిన కేవీఎంను ఇజ్రాయెల్‌కు చెందిన కమ్రానెట్ సంస్థలో అవీ కివిటీ రాశాడు. 2007 ఫిబ్రవరిలో వచ్చిన 2.6.20 సంచిక నుంచి అది కెర్నెల్‌లో భాగం. ఆ తరువాత వచ్చిన ఏ మామూలు లినక్సైనా హోస్టు కాగలదు. అలాంటి హోస్టు కంటికి గెస్టు కంప్యూటరు మొత్తం ఒక ప్రోగ్రాము, దాని ప్రాసెసరు ఆ ప్రోగ్రాములో ఒక పాయ.

చుట్టానికి నిజం చెప్పేస్తే

ప్రాసెసరు సంగతి తీరింది. మిగిలింది పరికరాలు. నెట్‌వర్క్ కార్డు, డిస్కు, కీబోర్డు వంటివి గెస్టుకు చూపించాలి. ఈ నటనను మోసేది క్యూఎము. ఫ్రాన్స్‌కు చెందిన ఫాబ్రిస్ బెలార్డ్ 2003లో మొదలుపెట్టిన ప్రోగ్రామిది. ఒక పాత ఇంటెల్ నెట్‌వర్క్ కార్డు ఎలా ప్రవర్తిస్తుందో, దానిలో ఏ మీట నొక్కితే ఏం జరుగుతుందో అంతా సాఫ్ట్‌వేరుతో అభినయిస్తుంది. గెస్టు ఒక మీట నొక్కినప్పుడల్లా నడక ఆగాలి, హోస్టు లేవాలి, నటించాలి, తిరిగి గెస్టును నడిపించాలి. లేని కార్డుకు లేని మీటల కోసం ఇన్ని ఆగడాలు, ఇన్ని లేవడాలు.

ఆస్ట్రేలియాకు చెందిన రస్టీ రసెల్ 2008లో ఒక పత్రంలో వివరించిన వర్టయో ఈ నాటకానికి తెర దించింది. ఇది జెన్ చూపిన దారిలోని మెలకువే. కార్డు ఉన్నట్టు నటించడం మానేసి, హోస్టూ గెస్టూ ఇద్దరికీ కనిపించే మెమరీలో ఒక వరుస పెట్టుకుంటారు. పంపాల్సినవన్నీ గెస్టు ఆ వరుసలో పేర్చి, ఒక్కసారి తలుపు తడుతుంది. ఒక్కో సరుకు కోసం ఒక్కోసారి కిరాణా కొట్టుకు పరుగెత్తడానికీ, చీటీ రాసి ఒకేసారి పంపడానికీ ఉన్న తేడా ఇది. దీనికి గెస్టు ఒప్పుకోవాల్సింది ఒక్కటే, తాను గెస్టునని.

నటన తగ్గితే వేగమొక్కటే కాదు, భద్రత కూడా పెరుగుతుంది. 2015 మేలో బయటపడిన వెనమ్ అనే లోపం ఎక్కడుందో చూడండి. క్యూఎములోని ఫ్లాపీ డ్రైవు నటనలో! ఫ్లాపీలు చూసి ఏళ్లయినా ఆ కోడు 2004 నుంచి అక్కడే ఉంది. గెస్టులో చొరబడినవాడు దాని గుండా హోస్టులోకి దూరే వీలుండేది. ఎవరికీ అక్కర్లేని ఒక అబద్ధాన్ని పదకొండేళ్లు మోసినందుకు పడిన మూల్యం. అందుకే అమెజాన్ 2018లో విడుదల చేసిన ఫైర్‌క్రాకర్ అనే ప్రోగ్రాము గెస్టుకు కొద్దిపాటి పరికరాలే చూపింది. అలాంటి సూక్ష్మ యంత్రం 125 మిల్లీసెకన్లలో లేచి నిలబడుతుంది.

సంచిలో ఏముంది?

ఇప్పుడు సంచి విప్పి చూద్దాం. ఇంటి సర్వరులో తేలికైన గెస్టు కోసం చాలామంది ఎంచుకునేది ఆల్పైన్ లినక్స్. వర్చువల్ మెషీన్ల కోసమే తయారుచేసిన దాని ఇన్‌స్టాలర్ ఫైలు 60 మెగాబైట్లకు కాస్త అటూ ఇటూ. పెళ్లి ఫోటోలు పది పన్నెండు ఇంతకన్నా ఎక్కువ చోటు తింటాయి. డిస్కు మీద కనీస స్థాపనకు సుమారు 130 మెగాబైట్లు చాలని ఆల్పైన్ రూపకర్తలే చెబుతారు.

ఈ పొదుపు మూడు చోట్ల ఉంది. మొదటిది కెర్నెల్. అసలు యంత్రాల్లో దిగే లినక్స్ ఏ వైఫై చిప్ ఎదురవుతుందో, ఏ గ్రాఫిక్స్ కార్డు తగులుతుందో తెలియక అన్నిటి డ్రైవర్లూ మోసుకు తిరుగుతుంది. వాటికి కావలసిన ఫర్మ్‌వేరే వందల మెగాబైట్లు. ఆల్పైన్‌లోని 'వర్ట్' రకం కెర్నెల్‌కు తాను దిగేది చుట్టాలింట్లోనని తెలుసు. అక్కడ కనిపించేవి వర్టయో పరికరాలే కాబట్టి మిగతా సామాను ఇంట్లోనే వదిలేసి వస్తుంది.

రెండోది బిజీబాక్స్. ఫైళ్ల జాబితా చూపడం, నకలు తీయడం, వెతకడం వంటి ఆదేశాలు మామూలు లినక్స్‌లో వేరువేరు ప్రోగ్రాములు. బిజీబాక్స్‌లో అవన్నీ ఒకే ప్రోగ్రాము. ఏ పేరుతో పిలిస్తే ఆ పని చేస్తుంది. పొద్దున బైరాగి, మధ్యాహ్నం సోమయాజులు, సాయంత్రం కోమటి వేషంతో గడపలోకి వచ్చే పగటివేషగాడు గుర్తున్నాడా? మనిషి ఒక్కడే, మారేది వేషం. 1990ల మధ్యలో బ్రూస్ పెరెన్స్ డెబియన్ అనే లినక్స్ ఇన్‌స్టాలర్‌ను ఒకే ఫ్లాపీలో పట్టించడం కోసం పుట్టించిన యుక్తి ఇది. మూడోది మజిల్ అనే సీ లైబ్రరీ. పెద్ద లినక్సుల్లో ఉండే జీలిబ్‌సీ చేసే పనిని చిన్న ఒంటితో చేస్తుంది.

పొదుపుకు వెల కూడా ఉంది. జీలిబ్‌సీని నమ్ముకుని తయారై వచ్చిన ప్రోగ్రాములు ఆల్పైన్‌లో చాలావరకు నడవవు. బిజీబాక్స్ వేషాలకు అసలు పాత్రల సంభాషణలన్నీ కంఠతా రావు. పెద్ద ఆదేశాల్లోని కొన్ని ఐచ్ఛికాలు అందులో ఉండవు. మీకు కావలసిన సాఫ్ట్‌వేరు ఇక్కడ మొరాయిస్తే పంతానికి పోకుండా డెస్క్‌టాప్ లేని డెబియన్‌కు మారడం మేలు. కాస్త పెద్ద సంచి, అంతే.

గడప దాటించడం

ముందు ల్యాప్‌టాప్ బయోస్‌లోకి వెళ్లి వర్చువలైజేషన్ మీట వేసి ఉందో లేదో చూడాలి. ఇంటెల్‌లో దాని పేరు వీటీ-ఎక్స్, ఏఎండీలో ఎస్‌వీఎం. పాత యంత్రాలు చాలావాటిలో అది ఆపేసి ఉంటుంది. మీట వేయకపోతే గెస్టు నడవదు, లేదా ప్రతి ఆదేశాన్నీ క్యూఎము అభినయిస్తూ నత్తనడక నడుస్తుంది. తరువాత హోస్టు. డెబియన్ వేసుకుని వర్ట్-మేనేజర్‌తో నడుపుకోవచ్చు. లేదా వియన్నా నగరానికి చెందిన సంస్థ డెబియన్ మీదే కట్టిన ప్రాక్స్‌మాక్స్ ఎక్కించి, బ్రౌజరులో 8006 పోర్టు తెరిచి అన్నీ మౌసుతో చేసుకోవచ్చు.

కొత్త గెస్టుకు ఒక వర్చువల్ ప్రాసెసరు, 512 మెగాబైట్ల మెమరీ, 4 గిగాబైట్ల డిస్కు ఇవ్వండి. డీఎన్‌ఎస్ సర్వరు లాంటి పనికి ఇది విందు భోజనమే. డిస్కుకూ నెట్‌వర్కుకూ వర్టయో ఎంచుకోండి. సౌండు కార్డు, ఫ్లాపీ ఉంటే తీసేయండి. ప్రాసెసరు రకం దగ్గర 'హోస్ట్' అని పెడితే అసలు ప్రాసెసరులోని ఎన్‌క్రిప్షన్ వసతులు గెస్టుకూ అందుతాయి.

కొత్తవాళ్లు తరచు బోల్తాపడేది నెట్‌వర్క్ దగ్గర. గెస్టు ఇంట్లో మరో ఫోనులా, టీవీలా విడిగా కనిపించాలంటే బ్రిడ్జి కట్టాలి. అంటే హోస్టు లోపల ఒక ఉత్తుత్తి స్విచ్చు పెట్టి, అసలు తీగనూ గెస్టు కార్డునూ దానికి తగిలించడం. అప్పుడు రౌటరు జాబితాలో కొత్త పరికరం కనబడుతుంది. వర్ట్-మేనేజర్‌తో చేసిన గెస్టుల మ్యాక్ చిరునామా, అంటే నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య, సాధారణంగా 52:54:00తో మొదలవుతుంది కాబట్టి ఇట్టే గుర్తుపట్టవచ్చు. అయితే ఈ బ్రిడ్జి వైఫై మీద మామూలుగా నిలవదు. తనతో పరిచయం చేసుకున్న మ్యాక్ చిరునామా నుంచి తప్ప వేరే పేరుతో వచ్చే మాటను వైఫై రౌటరు వినదు. గంటలు తల పట్టుకోకుండా ఒక ఈథర్‌నెట్ తీగ లాగడం ఉత్తమం.

గెస్టును వెలిగించగానే లాగిన్ అడుగుతుంది. రూట్ అని కొడితే పాస్‌వర్డు లేకుండానే లోపలికి రానిస్తుంది. అక్కడ సెటప్-ఆల్పైన్ అని పిలిస్తే ఇంటర్వ్యూ మొదలవుతుంది. కీబోర్డు ఏది, యంత్రం పేరేమిటి, చిరునామా రౌటరు ఇస్తుందా, కాలమండలం ఏది? చివరిదానికి ఏషియా, కోల్‌కతా. డిస్కు గురించి అడిగినప్పుడు మాత్రం నిద్రమత్తులో ఎంటర్ కొట్టకండి. ఆల్పైన్‌కు మెమరీలోనే బతకడం అలవాటు. డిస్కు పేరు ఇచ్చి 'సిస్' అని చెప్పకపోతే, చేసిన శ్రమంతా తదుపరి రీబూట్‌తో నీటిమీది రాత.

రీబూట్ తరువాత కొద్ది సెకన్లలో మళ్లీ లాగిన్ వస్తుంది. అప్పుడు మెమరీ వాడకం చూస్తే కొన్ని పదుల మెగాబైట్లు మాత్రమే ఉంటుంది. ఇక దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్‌కు తాళంచెవి పెట్టి పాస్‌వర్డు ప్రవేశాన్ని మూసేయడం, రౌటరులో ఆ గెస్టుకు మారని చిరునామా కేటాయించడం, హోస్టు లేవగానే తనంతట తానే లేచేలా గుర్తు పెట్టడం మిగులుతాయి.

మనవాళ్లకు ఒక మాట. గెస్టు నల్లతెర మీద తెలుగు సరిగా పలకదు, ఒత్తులూ గుణింతాలూ కూర్చడం దానికి రాదు. ఫైళ్ల పేర్లు తెలుగులో పెట్టుకోవడానికి మాత్రం ఏ అడ్డూ లేదు, అవి పదిలంగా ఉంటాయి. కాకపోతే లినక్స్‌లో ఫైలు పేరుకు హద్దు 255 బైట్లు. యూటీఎఫ్-8లో మన అక్షరాలకూ గుర్తులకూ తలా మూడు బైట్లు పడుతుంది కాబట్టి 85 గుర్తులు దాటకూడదు. 'బాబాయి గారి రెండో అమ్మాయి పెళ్లి...' అంటూ సాగే ఫోల్డరు పేర్లు కాస్త కుదించుకోవాలి.

ఎంత వడ్డించాలి?

మెమరీ ఎక్కువిస్తే గెస్టు హాయిగా ఉంటుందని అనిపిస్తుంది. లినక్స్‌కు మాత్రం ఖాళీ మెమరీ అంటే వాడకుండా పోయిన మెమరీ. చదివిన ఫైళ్ల నకళ్లతో దాన్ని క్రమంగా నింపుకుంటుంది. 4 గిగాబైట్లిస్తే ఆ విస్తరి కూడా నిండుతుంది. అవే ఫైళ్ల నకళ్లు కింద హోస్టు దగ్గరా ఉండవచ్చు. అంటే ఒకే సరుకు రెండు కొట్లలో నిల్వ. గెస్టుకు కొద్దిగానే ఇచ్చి, మిగిలింది హోస్టు దగ్గర ఉంచితే ఆ నిల్వ అందరికీ ఉపయోగపడుతుంది. సీఎంఎస్ నాటి పాఠమే ఇది, కింద జరిగే పనిని పైన మళ్లీ చేయొద్దు.

డిస్కు ఇందుకు వ్యతిరేకం. క్యూకౌ2 రకం డిస్కు ఫైలుకు 4 గిగాబైట్లని మాటిచ్చినా, రాసినంత మేరకే అసలు చోటు తింటుంది. అయితే గెస్టులో ఫైలు చెరిపినంత మాత్రాన హోస్టుకు ఆ చోటు తిరిగి రాదు. ఈ బ్లాకు నాకిక వద్దని గెస్టు చెప్పే డిస్కార్డ్ వసతిని తెరిచి ఉంచాలి.

స్నాప్‌షాట్ గురించి ఒక హెచ్చరిక. ప్రయోగానికి ముందు ఒకటి తీసుకుని, చెడితే వెనక్కి వెళ్లడం ఎంతో సుఖం. కానీ అది సాధారణంగా అదే డిస్కు మీద ఉంటుంది. ల్యాప్‌టాప్ డిస్కు పోయిన రోజున రెండూ కలిసే పోతాయి. ఫోటోలకు ఇంకో చోట, వీలైతే ఇంకో ఇంట్లో, నకలు ఉండాల్సిందే.

వెళ్లనివ్వడం

మొదటి గెస్టు నిలబడ్డాక రెండోది క్లోన్ తీయడానికి నిమిషం చాలు. అక్కడే అసలు ప్రమాదం మొదలవుతుంది. ఆరునెలల తరువాత జాబితా చూస్తే టెస్ట్-1, టెస్ట్-2, టెస్ట్-కొత్త, టెస్ట్-చివరిది! ఒక్కొక్కటి తేలికే, కానీ భద్రతా సవరణలు ప్రతిదానికీ వేయాలి. వేయని ప్రతిదీ గొళ్లెం లేని తలుపు. మూడు రోజులుంటే మురికి చుట్టమన్న పెద్దల మాట వీటికీ వర్తిస్తుంది.

చెరిపేద్దామంటే చేయి ఆడదు. దేన్ని ఎలా అమర్చామో గుర్తుండదు కాబట్టి భయం. ఆల్పైన్ ఇక్కడ ఒక మంచి పని చేసింది. మనం కోరి తెచ్చుకున్న ప్యాకేజీల పేర్లన్నీ ఒకే చిన్న టెక్స్ట్ ఫైలులో రాసి పెడుతుంది. వాటి వెంట వచ్చిన పరివారం పేర్లు అందులో ఉండవు, మనం అడిగినవే ఉంటాయి. నా డీఎన్‌ఎస్ గెస్టులో ఆ ఫైలు తెరిస్తే పన్నెండు వరుసలు. దాన్నీ, సెట్టింగుల ఫైళ్లు రెండు మూడింటినీ నకలు తీసి పెట్టుకుని, ఒక ఆదివారం ఆ గెస్టును చెరిపేసి చూశాను. కాఫీ చల్లారేలోగా కొత్తది అదే చిరునామాతో పనిలోకి దిగింది. నెట్ ఆగిందని ఇంట్లో ఎవరూ కేక వేయలేదు.

ఆ ఫైలు పేరు 'వరల్డ్'. గదినిండా యంత్రం ఉన్న రోజుల్లో ప్రతివాడికీ లోకమంతా నీదేనన్న భ్రమ కల్పించడంతో మొదలైన విద్య, లోకాన్ని పన్నెండు వరుసల్లో మడిచి సంచిలో పెట్టుకునే దాకా వచ్చింది.